జార్జి సైమన్ ఓమ్ జీవిత చరిత్రము

విద్యుచ్ఛాస్త్రమును పఠించు బాలబాలికలు మొట్టమొదట నేర్చుకొను సూత్రములలో ఓమ్ సూత్రము ఒకటి. దానిని కంఠస్థము చేయువారు వేలకొలది గలరు. కాని ఆ పేరు గల మనుష్యుడెవరో, ఏ దేశమువాడో, ఆ చిన్న సూత్రమును సాధించుటకై యెంత శ్రమించెనో, సాధించిన పిదప నెన్ని యేండ్లు అనాదరణమునకు పాల్పడెనో తెలిసినవారు కొలదిమందియే. ఆతడు రాజవంశీయుడు కాడు, ధనవంతుడును కాడు; మన పాఠశాలవంటి యున్నత పాఠశాలలో గణితమును ప్రకృతి శాస్త్రమును బోధించిన యొక యుపాధ్యాయుడు. కావున ఆతని చరిత్రము విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, బోధకులకును గూడ ఉపయుక్తముగా నుండునని తలచి, యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జార్జి సైమన్ ఓమ్ 1789వ సంవత్సరము మార్చి నెల 16వ తేదీన, నేటి జర్మనీ దేశమున బవేరియా రాష్ట్రమందలి ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేసి జీవించు కర్మకారుడు. తల్లి ఒక దర్జీవాని కుమార్తె. ఆ దంపతులకు కలిగిన యేడుగురు బిడ్డలలో మువ్వురు మాత్రమే బ్రతికిరి. జార్జికి పదియేండ్ల ప్రాయమున తల్లి పరలోకగతురాలయ్యెను. తండ్రి యే కళాశాలలోను చదివినవాడు కాడు. అయినను పనిముట్లను ప్రక్కనుంచిన వేళలందు స్వయంకృషిచే గణితమును, పదార్థ విజ్ఞానమును, రసాయన శాస్త్రమును, తత్త్వశాస్త్రమును అభ్యసించి, తాను నేర్చినదానిని కుమారులకు స్వయముగా బోధించెను. ఆ బోధ యెంత శ్రేష్ఠమైనదనిన, జార్జి పదునైదేండ్లవాడై యుండగా ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయపు గణితాచార్యుడగు లాంగ్స్‌డార్ఫ్ ఆ బాలుని పరీక్షించి విస్మితుడై, యీ యన్నదమ్ములు ప్రసిద్ధ గణితవేత్తలైన బెర్నూలీ సోదరులతో సమానులగుదురని ప్రశంసించెను. తమ్ముడగు మార్టిన్ కూడ తరువాత గణితాచార్యుడయ్యెను. కర్మకారుని కొలిమి యొద్ద ఇట్టి కుమారు లిరువురు పెరిగిరనుట తలిదండ్రులెల్లరు గమనింపదగిన విషయము.

1805వ సంవత్సరమున జార్జి విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. కాని యౌవనారంభమున చదువుకంటె నృత్యములందును, మంచుపై జారు క్రీడయందును, బిలియర్డ్సు ఆటయందును ఆతని మనస్సు హెచ్చుగా లగ్నమయ్యెను. తాను పొందనేరని యవకాశమును కుమారుడు వ్యర్థము చేయుచున్నాడని తండ్రి మిక్కిలి కోపించెను. దానితో ఒకటిన్నర సంవత్సరము గడచునప్పటికి చదువు ఆగిపోయెను. 1806లో, పదునేడేండ్ల ప్రాయముననే జార్జి స్విట్జర్లాండు దేశమునకు పోయి గాట్‌స్టాట్ అను గ్రామమున గణితోపాధ్యాయుడుగా కుదురుకొనెను. తరువాత న్యూషాటెల్ పట్టణమున ప్రత్యేక బోధకుడుగా నుండెను. తండ్రి మందలింపు ఆతని హృదయమున నాటినదనుటకు ఆ యేండ్లలో ఆతడు చేసిన పనియే సాక్ష్యము. పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, మిగిలిన కాలమున ఆయిలర్, లాప్లాస్ మొదలగు మహాగణితజ్ఞుల గ్రంథములను తనంతట తాను చదువుకొనెను. 1811లో ఎర్లాంగెన్‌కు మరలివచ్చి, ఆ సంవత్సరమే అక్టోబరు నెలలో డాక్టరు పట్టమును పొందెను.

పట్టము లభించినది గాని, జీవనము సుఖముగా సాగలేదు. విశ్వవిద్యాలయమున కొంతకాలము ఉపన్యాసకుడుగా నుండెను గాని యచ్చటి ఆదాయము పొట్టకు చాలినది కాదు. 1813లో బాంబర్గు పట్టణమున నొక సామాన్యమైన పాఠశాలలో పని దొరకెను. 1816లో ఆ పాఠశాలయే మూతపడెను. ఈ కష్టముల నడుమనే ఆతడు క్షేత్రగణితమును గూర్చి యొక గ్రంథమును వ్రాసి 1817లో ప్రకటించెను. క్షేత్రగణితమును కేవలము కంఠపాఠముగా గాక, బాలుర బుద్ధిని వికసింపజేయు సాధనముగా నెట్లు బోధింపవలెనో తెలుపుట దాని యుద్దేశము. ఆ గ్రంథపు ప్రతి నొకదానిని ఆతడు ప్రష్యా ప్రభువునకు పంపెను. దాని ఫలితముగా 1817 సెప్టెంబరులో, కొలోన్ నగరమున జెస్యూటు ఉన్నత పాఠశాల యని పిలువబడుచుండిన విద్యాలయమున గణిత, పదార్థ విజ్ఞానములను బోధించు ఉద్యోగము ఆతనికి లభించెను.

కొలోన్‌లో గడపిన తొమ్మిది సంవత్సరములు ఓమ్ జీవితమున ఫలవంతములైనవి. ఆతని శిష్యులలో డిరిక్లె అను బాలుడు తరువాత జగద్విఖ్యాతుడగు గణితవేత్త అయ్యెను. అంతకంటెను ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. ఆ పాఠశాలయందు చక్కని ప్రయోగశాల యుండెను. చిన్ననాట తండ్రి కార్యశాలలో లోహములతో పరిచయము గలిగిన ఓమ్, కావలసిన పరికరములను స్వహస్తములతో చేసికొనుచు, పాఠములు ముగిసిన పిదప ఆ గదిలో కాలము గడపుచుండెను.

ఆ కాలపు విద్యుచ్ఛాస్త్ర స్థితిని కొంత తెలిసికొనిననే గాని ఓమ్ చేసిన పని యొక్క విలువ బోధపడదు. 1800లో ఇటలీ దేశీయుడగు ఓల్టా విద్యుద్ఘటమాలను నిర్మించెను. దానితో లోహపు తీగలో ఎడతెగని విద్యుత్ప్రవాహము లభించెను. 1820లో డెన్మార్కు దేశీయుడగు అయిర్‌స్టెడ్, ప్రవాహము గల తీగ సమీపమున అయస్కాంత సూచి ప్రక్కకు తిరుగుట కనిపెట్టెను. ప్రవాహమెంత బలమైనదో సూచి తిరుగుటను బట్టి కొలువవచ్చుననుట స్పష్టమయ్యెను. కాని ప్రవాహ బలము దేనిపై నాధారపడును? తీగ పొడవైనచో నేమగును? లావైనచో నేమగును? రాగికి మారుగా ఇత్తడి వాడినచో నేమగును? ఈ ప్రశ్నలకు లెక్కతో కూడిన సమాధానము నాటి వరకు ఎవరును ప్రకటింపలేదు. ఇంగ్లండున కావెండిష్ అను శాస్త్రజ్ఞుడు అంతకు పూర్వమే కొన్ని సత్యములను గ్రహించి తన పుస్తకములలో వ్రాసికొనియుండెను గాని, అవి 1879 వరకు వెలుగు చూడనేలేదు.

ఓమ్ తన మొదటి ప్రయోగముల ఫలితములను 1825లో ప్రకటించెను. అందు తీగ పొడవునకును ప్రవాహ బలమునకును గల సంబంధమును తెలుపుచు ఆతడొక సూత్రమును చెప్పెను. ఆ సూత్రము సరియైనది కాదు. దోషము ఆతని శ్రద్ధయందు లేదు. ఆతడు వాడిన ఘటమునందున్నది. ఆ కాలపు ఘటములు తీగను కలిపిన క్షణమున బలమైన ప్రవాహము నిచ్చి, వెంటనే క్షీణించుచుండెను. కొలబద్దయే గడియకొక పొడవుగా మారుచుండినచో వస్త్రమును కొలుచుట యెట్లు? అప్పుడు శాస్త్ర పత్రికా సంపాదకుడగు పోగెన్‌డార్ఫ్ అను పండితుడు, ఘటమునకు మారుగా ఉష్ణముచే విద్యుత్తును పుట్టించు సాధనమును వాడుమని సలహా నిచ్చెను. రెండు భిన్న లోహముల అతుకులలో నొకటి వేడిగను, రెండవది చల్లగను ఉన్నచో ప్రవాహము పుట్టునని సీబెక్ అను శాస్త్రజ్ఞుడు అంతకు కొలది సంవత్సరముల ముందే కనిపెట్టియుండెను. ఓమ్ ఆ సలహాను సంతోషముతో గైకొనెను. తాను ప్రకటించిన దానిని పట్టుకొని వ్రేలాడక, తానే మరల మొదటినుండి పరీక్షింప బూనెను. ఆతని ఘనతకు ఇదియే మొదటి నిదర్శనమని మా యభిప్రాయము.

1826 ఆరంభమున చేసిన ఆ ప్రయోగము ఇట్టిది. బిస్మతు లోహపు కడ్డీ యొక్క రెండు కొనలకును రాగి పట్టీలను బిగించి, ఒక అతుకును మరగు నీటియందును, రెండవ అతుకును మంచుగడ్డల యందును ఉంచెను. నీరు మరగుచున్నంతవరకు దాని వేడిమి మారదు. మంచు కరగుచున్నంతవరకు దాని చల్లదనము మారదు. కావున విద్యుత్తును పుట్టించు బలము నిలకడగా నుండెను. ఒకే లావు గల ఎనిమిది రాగి తీగలను 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళముల పొడవున కత్తిరించి, యొకదాని తరువాత నొకదానిని ఈ వలయమున కలిపెను. పైన సన్నని లోహపు తీగకు వ్రేలాడదీసిన అయస్కాంత సూచి ప్రవాహముచే ప్రక్కకు తిరుగగా, ఆ వ్రేలాడు తీగను మెలిపెట్టి సూచిని స్వస్థానమునకు తెచ్చుచు, ఎంత మెలిపెట్టవలసి వచ్చెనో కొలుచుచుండెను. ఆ మెలియే ప్రవాహ బలమునకు కొలత.

ఒక దినమున ఆతనికి వచ్చిన లెక్కలను మన విద్యార్థులు స్వయముగా పరీక్షించి చూడవచ్చును. 2 అంగుళముల తీగకు కొలత 326¾. 34 అంగుళములకు 134½. 130 అంగుళములకు 48½. తీగ పొడవు 65 రెట్లు పెరిగినను ప్రవాహము 65వ వంతు కాలేదు, సుమారు ఏడవ వంతు మాత్రమే అయ్యెను. ఇందలి రహస్యమేమి? ప్రవాహమునకు అడ్డు కలిగించునది మనము కలిపిన తీగ మాత్రమే కాదు. వలయమందలి కడ్డీ, పట్టీలు మున్నగు తక్కిన భాగములన్నియు అడ్డు కలిగించును. ఆ తక్కిన భాగముల యడ్డు 20¼ అంగుళముల తీగకు సమానమని ఓమ్ లెక్కించెను. అప్పుడు మొత్తము పొడవులు 22¼, 54¼, 150¼ అగును. వీనిని వరుసగా పై కొలతలచే గుణించినచో 7,270, 7,297, 7,287 వచ్చును. మూడును దాదాపు సమానములే! అనగా వలయపు మొత్తము అడ్డు ఎన్ని రెట్లు పెరిగిన, ప్రవాహము అన్నవ వంతు అగునన్నమాట. పిమ్మట రెండు అతుకుల నడుమ వేడిమి భేదమును తగ్గించి చూడగా, ప్రవాహము తగ్గెను గాని, వలయపు అడ్డును తెలుపు ఆ 20¼ అను సంఖ్య మారలేదు. పుట్టించు బలము వేరు, అడ్డగించు గుణము వేరు అని దీనిచే తేటపడెను. ఆ బలమును నేడు విద్యుచ్ఛాలక బలమనియు, ఆ యడ్డును నిరోధమనియు పిలుచుచున్నాము. బలమును నిరోధముచే భాగించిన ప్రవాహము వచ్చును. ఇదియే ఓమ్ సూత్రము.

ఈ సత్యమును గణితముతో సమర్థించి గ్రంథముగా వ్రాయుటకై ఓమ్ 1826లో సగము జీతముపై సెలవు పుచ్చుకొని బెర్లిన్ నగరమునకు పోయెను. వేడిమి లోహములలో ప్రవహించు విధమును గూర్చి ఫ్రాన్సు దేశీయుడగు ఫూరియే 1822లో వెలువరించిన గ్రంథము ఆతనికి మార్గము చూపెను. గాల్వానీయ వలయమును గణిత రీత్యా విచారించు ఓమ్ గ్రంథము 1827లో బెర్లిన్‌లో ప్రకటితమయ్యెను. ఈ గ్రంథబలముచే విశ్వవిద్యాలయమున నొక ఆచార్య పదవి లభించునని ఆతడు ఆశించెను.

ఆ యాశ విఫలమయ్యెను. నాటి జర్మను పండితులలో ననేకులకు పదార్థ విజ్ఞానమున గణితమును ఇంతగా చొప్పించుట రుచింపలేదు. కొందరు గ్రంథమును చదువనే లేదు. పోల్ అను విమర్శకుడు దానిని కఠినముగా నిందించెను. విద్యాశాఖ యధికారులు ఆదరింపలేదు. ఓమ్ మనస్సు గాయపడెను. 1828లో ఆతడు కొలోన్ ఉద్యోగమునకు రాజీనామా నిచ్చెను. చేతిలోనున్న జీవనాధారమును వదలి, చేతికందని గౌరవము కొరకు వేచియుండుట వివేకమా, అవివేకమా యని మన మిప్పుడు తర్కింపవచ్చును. కాని తాను సత్యమని యెరిగినదానిని అసత్యమని యొప్పుకొనుటకు ఆతడు సిద్ధపడలేదు. దాదాపు ఆరు సంవత్సరములు బెర్లిన్‌లోనే యుండి, సైనిక విద్యాలయమున వారమునకు కొలది గంటలు గణితము బోధించుచు, స్వల్పాదాయముతో జీవించెను. 1833లో న్యూరెంబర్గు పట్టణపు పాలిటెక్నిక్ పాఠశాలలో ఉపాధ్యాయ పదవి లభించెను. అది ఆతడు కోరిన విశ్వవిద్యాలయ పదవి కాదు. అయినను తన విధిని శ్రద్ధతో నెరవేర్చుచు, తీరిక వేళలందు ధ్వని శాస్త్రమును గూర్చి పరిశోధించెను.

ఇంతలో సత్యము తన దారిని తాను చూచుకొనుచుండెను. లైప్‌జిగ్‌లో ఫెక్నర్, రష్యాలో లెంజ్ అను శాస్త్రజ్ఞులు ఓమ్ సూత్రమును పరీక్షించి సరియని గ్రహించిరి. ఫ్రాన్సులో పూయే అను పండితుడు అట్టి ఫలితములనే కనుగొనెను. అప్పుడప్పుడే తంతివార్తల యంత్రములు వెలయుచుండెను. మైళ్లకొలది తీగ వెంబడి ప్రవాహము పంపవలసిన వారికి, ఎంత పొడవునకు ఎన్ని ఘటములు కావలయునో తెలుపు లెక్క అత్యవసరమయ్యెను. ఆ లెక్క ఓమ్ గ్రంథమున సిద్ధముగా నుండెను. 1841లో లండను రాయల్ సొసైటీవారు తమ పరమోన్నత బహుమానమగు కోప్లీ పతకమును ఓమ్‌కు ప్రసాదించిరి. మరుసటి సంవత్సరమున తమ సంఘమున విదేశ సభ్యునిగా చేర్చుకొనిరి. స్వదేశమున దొరకని గౌరవము పరదేశమున దొరకెను. 1849లో ఆతడు మ్యూనిక్ నగరమునకు పిలువబడెను. 1852లో ఆ నగరపు విశ్వవిద్యాలయమున పదార్థ విజ్ఞానాచార్య పదవి లభించెను. గ్రంథము ప్రకటించిన పిదప ఇరువదియైదేండ్లకు, అరువదిమూడేండ్ల వయస్సున, చిరకాల వాంఛితము ఈడేరెను. ఆ పదవిని రెండేండ్లు మాత్రమే యనుభవించి, 1854 జూలై 6వ తేదీన ఆతడు మ్యూనిక్‌లో మరణించెను.

1881లో పారిస్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభవారు నిరోధపు కొలతకు ఓము అను పేరు నిర్ణయించిరి. గ్రీకు భాషలోని ఒమేగా అక్షరము దానికి చిహ్నమయ్యెను. నిరోధమునకు విలోమమైన వాహకత్వపు కొలతకు ఓమ్ పేరులోని ఇంగ్లీషు అక్షరములను తలక్రిందుగా చదివి మో అని చాల కాలము పిలిచిరి. ఇప్పుడు దానికి సీమెన్స్ అను పేరు స్థిరపడినది.

ఇక ఈ సూత్రము మన యిండ్లలో నెట్లు పనిచేయుచున్నదో చూతము. మన దేశమున గృహములకు వచ్చు విద్యుత్తు 230 ఓల్టులది. అది క్షణమునకు 50 ఆవృత్తులు గల ఏకాంతర ప్రవాహమైనను, వేడిమి నిచ్చు సామాన్య సాధనములకు ఓమ్ లెక్క చక్కగా సరిపడును. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె నిరోధము వేడిగా నున్నపుడు సుమారు 53 ఓములు. 230ని 53చే భాగించిన సుమారు 4⅓ ఆంపియర్లు వచ్చును. హెచ్చు శక్తి గల సాధనమునకు హెచ్చు నిరోధ ముండునని విద్యార్థులు కొందరు భ్రమపడుదురు. నిజము దీనికి విరుద్ధము. ఓల్టులు మారనిచో నిరోధము తక్కువైనదే హెచ్చు ప్రవాహమును లాగుకొనును. 1,500 వాట్ల వాటర్ హీటరు నిరోధము సుమారు 35 ఓములే. అది ఆరున్నర ఆంపియర్లు లాగుకొనును.

ఇంటిలోని సాధనములన్నియు సమాంతరముగా సంధింపబడి యుండును. అందుచేత ఒక దీపము నార్పినను తక్కినవి వెలుగుచునే యుండును. ప్రతిదానికి పూర్తిగా 230 ఓల్టులు లభించును. కాని ఒకే ప్లగ్గున ఇస్త్రీపెట్టెను, హీటరును కలిపినచో రెండింటి ప్రవాహములు చేరి దాదాపు పదునొకండు ఆంపియర్లు ఆ యొక్క తీగలోనే పోవలసి వచ్చును. ఆరు ఆంపియర్లకు తగిన తీగ అప్పుడు వేడెక్కి, పైనున్న తొడుగు కాలి, అగ్నిప్రమాదము సంభవింపవచ్చును. రెండు తీగల తొడుగు చినిగి లోహములు పరస్పరము తాకినచో నిరోధము మిక్కిలి తగ్గిపోవును. అది అర ఓము అనుకొనిన, లెక్కప్రకారము ప్రవాహము 460 ఆంపియర్లు! అందుకే ఫ్యూజు తీగను గాని, ఎం.సి.బి. యను స్విచ్చిని గాని అమర్చుదురు. హద్దు మీరిన ప్రవాహము వచ్చినపుడు ఫ్యూజు తాను కరగి యింటిని కాపాడును. కరగిన ఫ్యూజుకు మారుగా లావుపాటి రాగి తీగను కట్టుట, కావలివానిని తరిమి తలుపు తెరచి యుంచుటవంటిది. తడి చేతులతో స్విచ్చిని తాకరాదనుటకును ఈ సూత్రమే కారణము. చర్మము తడిసినచో దాని నిరోధము తగ్గును. ఓల్టులు అవియే గనుక శరీరమున పోవు ప్రవాహము పెరుగును.

పల్లెలందు ట్రాన్స్‌ఫార్మరుకు దూరముగా, తీగ చివరనున్న యిండ్లలో సాయంకాలము దీపములు మందగించుట చాలమంది చూచియుందురు. అందరు ఒక్కసారిగా సాధనములను వాడినపుడు హెచ్చు ప్రవాహము ఆ పొడవైన తీగలో పోవును. ఆ తీగ నిరోధము కొన్ని ఓల్టులను దారిలోనే హరించును. కొలోన్ పాఠశాలలో ఓమ్ 130 అంగుళముల తీగను కలిపి చూచినదియు, మన వీధి చివర జరుగుచున్నదియు ఒకటియే.

ఓమ్ చరిత్రమునుండి మనము నేర్వదగినవి పెక్కులు గలవు. యౌవనమున కాలము వృథా చేసినవాడును బుద్ధి తెచ్చుకొనినచో పోగొట్టుకొనిన దానిని మరల సంపాదింపగలడు. పేద యింట పుట్టిన బాలునికి తండ్రి యీయదగిన యాస్తి విద్యయందలి యాసక్తియే. సామాన్యమైన పాఠశాల ప్రయోగశాలలో, బోధనా భారము నడుమనే, లోకమునకంతటికి నుపయోగించు సత్యమును కనుగొనవచ్చును. కాని దానికి నిలకడయైన కొలతయు, తన ఫలితములను తానే శంకించి మరల పరీక్షించు ధైర్యమును కావలయును. లోకము మెచ్చుట ఆలస్యమైనను, సరిగా కొలిచిన కొలత చెడిపోదు. విద్యార్థులు ఈ సంవత్సరము ప్రయోగశాలలో తీగను, ఘటమును, అమ్మీటరును చేతబట్టునపుడు, పుస్తకమున వ్రాసియున్న జవాబునకు సరిపడునట్లు అంకెలను దిద్దక, కనబడిన అంకెనే వ్రాయుదురు గాక. ఓమ్ పండితుని స్మృతికి మనము చేయదగిన గౌరవము అదియే.